డైరెక్ట్ ఇచ్చినందుకు

"ఎవడు చెప్పిండు నీకు డైరెక్ట్ ఇయ్యమని?" మా ఫోర్మెన్ హిందీల గట్టిగ అడిగిండు, బండ్లు బాగుచేసే మా షెడ్డుల పదిమంది చూస్తుండంగ. డైరెక్ట్ అంటే ఖరాబైన తొవ్వను గట్లనే ఇడిసిపెట్టి పక్కనుంచి కొత్త వైరు గుంజుడు. ఆయనది కేరళ, ఇర్వై ఏండ్ల సంది ఈ షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలనే ఉన్నడు, మామూలుగ గొంతు లేపే మనిషి కాదు. అందుకే నాకు ఇంకింత తాకింది. ఆఖరికి ఇంకో మాట అన్నడు, "ఊరి పనులు ఇక్కడ నడవయ్" అని. తలకాయ తీసేసినట్టయింది. ఆ రాత్రి రూముల అన్నం ముందట కూసున్న గని ముద్ద దిగలే.

జరిగింది చెప్త. ఒక డెలివరీ వ్యాను వచ్చింది, రాత్రిపూట మీటర్ బోర్డు లైట్లు మసకగ ఉంటున్నయి, ముల్లు ఎక్కడున్నదో కనవడ్తలేదని కంప్లైంట్. ఇసొంటిది వస్తే నేను మొదలు చూసేది డిమ్మర్. చాలా బండ్లల్ల స్టీరింగ్ పక్కన చిన్న చక్రం ఉంటది, బండి తుడిచేటప్పుడో పిల్లలు ఆడేటప్పుడో అది కిందికి తిరిగిపోతది, ఓనర్‌కు తెల్వదు, పైకి తిప్పంగనే పని అయిపోతది. ఇది గట్ల కాలే. ఫ్యూజు చూసిన, మంచిగనే ఉన్నది. వెనక పార్కింగ్ లైటు, నంబర్ ప్లేటు లైటు, మీటర్ బోర్డు లైటు చాలా బండ్లల్ల ఒకటే ఫ్యూజు మీద ఉంటయి, అది ఎగిరితే అన్నీ ఆరిపోతయి గని మసక కావు. బల్బులు ఊడదీసిన, పల్లి గింజంత ఉంటయి, ఒక్కటి గూడ నల్లవడలే. బ్యాటరీ బండి బంద్ ఉన్నప్పుడు 12.6 వోల్టులు, స్టార్ట్ చేస్తే 14.1 చూపిస్తుంది, అంటే డైనమో గూడ మంచిగున్నది. ఇగ మిగిలింది ఎర్త్, అంటే కరెంటు బండి బాడీల నుంచి బ్యాటరీ మైనస్‌కు వాపస్ పోయే తొవ్వ. అక్కడిదాక నేను చేసిన దాంట్ల తప్పు లేదు, ఇప్పటికీ అదే అంట. మీటర్ బోర్డు వెనకాల నల్ల వైరుకు ఒక కొత్త వైరు అతికి డ్యాష్‌బోర్డు కింద దొరికిన బోల్టుకు బిగించిన. లైట్లు ధగధగ వెలిగినయ్. డ్రైవర్ ఖుష్, నేను ఖుష్.

ఫోర్మెన్ జాబ్ కార్డు చూసి కారణం రాసే జాగ ఖాళీ ఉన్నదేందని అడిగిండు, నేను చెప్పిన, ఆయన మోకాళ్ల మీద వంగి డ్రైవర్ ఎడమ కాలు పక్కన ప్లాస్టిక్ ఊడవీకి టార్చి కొట్టిండు. ఒక బోల్టు, దాని కింద ఒకటే రింగుల ఆరు నల్ల వైర్లు. రింగు చుట్టూ తెల్లగ ఉప్పు పేరుకున్నట్టు ఉన్నది, గోరుతోని గీకితే కింద ఎర్రగ తుప్పు. ఇక్కడ ఎండకాలం రాత్రి గాలి తడిగుడ్డ లెక్క ఉంటది, సముద్రం పక్కనే గద. నా వైరు ఊడగొట్టి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వెయ్యమన్నడు, వోల్టులు కొలిచే మీటర్ నల్ల పుల్ల బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర పుల్ల ఆ రింగుకు పెట్టిండు. 0.9 వోల్టు. ఎర్త్ మంచిగుంటే అక్కడ సున్నాకు దగ్గర రావాలె, 0.2 దాటితే ఇగ అది ఎర్త్ కాదన్నట్టు. "ఆరు వైర్ల కరెంటుకు తొవ్వ బందయింది, నువ్వు ఒక్క సన్న వైరు గుంజినవు, బ్లోయర్ కరెంటు గూడ ఇగ దాంట్ల నుంచే పోతది, అది వేడెక్కితే డ్యాష్‌బోర్డు లోపల ఏమైతదో తెలుసా?" అన్నడు. పాలిష్ పేపర్ పెట్టి రింగు, బాడీ రెండూ తెల్లగ మెరిసేదాక రుద్దిపిచ్చి, బోల్టు బిగిచ్చినంక మళ్ల కొలిపిచ్చిండు. 0.03. లైట్లు ముందటికంటే మంచిగ వెలిగినయ్, నా వైరు లేకుండనే.

ఆ 0.9 చూసినంక నేనేం వాదిస్త. కాని ఊరి పని అన్న మాట మటుకు నా కడుపుల అట్లనే ఉండిపోయింది, వారం దినాలు అదే మతిల మెదిలింది.

నేను పని నేర్చుకున్నది జడ్చర్ల క్రాస్‌రోడ్డు కాడ, 44 నంబర్ హైవే మీద, మా ఉస్తాద్ రేకుల షెడ్డుల. బాదేపల్లి మార్కెట్‌కు పల్లికాయ దింపి పోయేటోళ్లు, కర్నూలు దిక్కు నుంచి హైదరాబాద్‌కు కూరగాయలు ఏస్కొని పోయేటోళ్లు, రాత్రి పదకొండుకు బండి ఆపి ఉస్తాద్, హెడ్‌లైట్లు డిమ్మయినయ్, తెల్లారేవరకు మార్కెట్ల ఉండాలె అని మొత్తుకుంటే, ఆయనను కూసోవెట్టి బోల్టులు రుద్దుకుంట కూసుంటమా? లైట్లు సక్కగ లేకుండ ఆ రోడ్డు మీద పోనిస్తమా? బ్యాటరీ నుంచి ఒక మంచి వైరు గుంజి, డైరెక్ట్ ఇచ్చి, టేపు సుట్టి, పో నాయినా జాగ్రత్త అని పంపుతం. మా తాన డైరెక్ట్ అంటే దొంగపని కాదు, ఆపతిల ఉన్నోనికి చేసే సాయం. ఉస్తాద్ ప్రతి డ్రైవర్‌కు చెప్పేటోడు, తిరిగొచ్చేటప్పుడు ఆగు, ఎక్కడ తప్పు ఉన్నదో చూసి పక్కాగ చేసిస్త అని. ఎవరు ఆగుతరు? కిరాయి దొరికిందంటే అటే పోతరు. మాకు పని రాక కాదు, టైము లేక. ఇక్కడ బండి రెండు దినాలు షెడ్డుల నిలవడ్డా ఇంకో బండి ఇచ్చి పంపుతరు, జాబ్ కార్డు ఉంటది, పాసింగ్‌ల, అంటే బండి చెకింగ్‌ల, పట్టుకుంటరనే భయం ఉంటది. మాకు అవన్ని ఉంటే మేము రుద్దకపోదుమా? ఈ మాట ఫోర్మెన్‌కు చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్ననో. హిందీల అంత చెప్పరాలే నాకు.

ఇంకొకటి గూడ రాస్త, ఇది మా ఊరోళ్లు సదవాలె. మూడు వారాలయినంక ఒక పెద్ద బండి వచ్చింది, పట్టపగలు మీటర్ బోర్డు డిమ్ము అయితున్నది, పక్కన స్క్రీన్ గూడ రాత్రి రంగుల్లకు మారుతున్నది. ఇద్దరు స్కానర్ పెట్టి చూసిండ్రు, తప్పు చూపిచ్చే ఏ కోడూ లేదు. మీటర్ బోర్డు మొత్తం మార్చాలేమో అనేదాక వచ్చింది. నేను బండి తెచ్చిన డ్రైవర్ పక్కన పోయి కూసున్న. రాజస్థాన్ ఆయన, ఒక సాహెబ్ ఇంట్ల పని. ఎన్ని దినాల సంది భాయ్, దానికి ముందు బండిల ఏమన్న కొత్తగ పెట్టిండ్రా, ఎక్కడన్న కడిగిపిచ్చిండ్రా అని అడుగుకుంట పోయిన, మా ఉస్తాద్ అడిగినట్టే, ఆయన ఏ బండయినా బానెట్ లేపకముందు డ్రైవర్‌కు చాయ్ తాపిచ్చి ఏ తొవ్వల వచ్చినవ్, ఏం లోడు అని అడిగేటోడు. ఈయన జర సేపు ఆలోచించి, మేడమ్ కొత్త టిష్యూ డబ్బా తెచ్చింది అన్నడు. డ్యాష్‌బోర్డు మీద అద్దం దగ్గర బంగారు అంచు డబ్బా. దాని కింద చూస్తే గుండీ అంత నల్లటి గుండ్రం, వెలుతురు చూసే సెన్సర్. డబ్బా దాని మీద కూసుంటే బండి చీకటి పడ్డదనుకొని లైట్లు తగ్గిస్తది. డబ్బా పక్కకు జరిపిన, మీటర్ బోర్డు ఫుల్లుగ వచ్చింది.

ఫోర్మెన్ ఏమీ అనలే. సాయంత్రం చాయ్ కప్పు తెచ్చి నా టూల్ బాక్స్ మీద పెట్టి పోయిండు. నేను లేచి నిలవడ్డ, ఆయన అప్పటికే ఆఫీసుల్లకు పోయిండు.

ఆ శుక్రవారం ఉస్తాద్‌కు వీడియో కాల్ చేసిన, అంతా చెప్పిన, తిట్టు తిన్నది గూడ దాచలే. వెనకాల లారీ హారన్లు వినవడ్తున్నయి, జొన్నరొట్టె తుంచి నోట్లె పెట్టుకుంట విన్నడు. 0.9 అనంగనే నములుడు ఆపిండు. "మనం కొత్త వైరు గుంజి పంపిన బండ్లన్నిట్ల ఆ పాత బోల్టు గట్లనే ఉన్నదన్నట్టే కదరా" అన్నడు. నేను ఏమీ అనలే. జర సేపయినంక "ఆ నంబర్ చూపిచ్చే మీటర్ ఎంత ఉంటది అక్కడ?" అని అడిగిండు. నలభై దిర్హాములకు మంచిదే వస్తది అన్న. మనకాడ గూడ దొరుకుతది ఉస్తాద్ అనబోయి ఆగిన. "నువ్వు వాడినసొంటిదే పట్టుకరా, ఎట్ల పెట్టాల్నో నువ్వే చూపియ్యాలె" అన్నడు.

దసరాకు టికెట్ తీసిన. మీటర్ కొన్న, పుల్లలు మడిచి పిల్లల బట్టల మధ్యల పెట్టిన, లోపటి సెల్లు తీసి వేరే కాగితంల సుట్టిన.