80వ కిలోమీటరు దగ్గర దిగాక

కోస్టారికా రాజధాని శాన్ హోసేలో బస్సెక్కగానే డ్రైవరుకి చెప్పాను, నన్ను 80వ కిలోమీటరు దగ్గర దింపమని. సెర్రో దె లా మువెర్తె అనే కొండ మీదుగా పోయే రోడ్డులో దిగాల్సిన చోటుకి ఊరి పేరు కంటే కిలోమీటరు అంకె చెప్పడమే మేలు. కార్తాగో దాటాక ఘాట్ మొదలై, రోడ్డు 3,300 మీటర్ల పైకి పోతుంది. నా పక్క కిటికీ పూర్తిగా మూసుకోలేదు. కోస్టారికా అంటే సముద్రం, ఉక్కపోత అనుకుని వచ్చేవాళ్లు స్వెటర్ తప్పకుండా తెచ్చుకోండి.

పక్క సీటులో ఒక పెద్దావిడ కూర్చుంది. నన్ను చూసి "క్వెట్జలా?" అని అడిగింది. ఇక్కడ దిగే పరదేశులందరూ ఆ పక్షి కోసమే వస్తారు మరి. కాదని, ఫోన్‌లో కోరా ఫొటో చూపించాను. కోరా ఒక లైకెన్, అంటే ఒక శిలీంధ్రం, దానికి తిండి చేసిపెట్టే సూక్ష్మజీవులు కలిసి బతికేది. ఆవిడ ఫోన్ తీసుకుని, ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూసింది. వాళ్ల పొలం గట్టు మీద ఇది ఉందట. నా స్పానిష్ అంతంతమాత్రం. ఆవిడ చేతులతోనే చెప్పింది: ఊట దగ్గరది అరచేతి అంత, రోడ్డు పక్కది చిన్నది, అంచు తెల్లగా ఉంటుందని. దిగేముందు నా భుజం తట్టి, అడవిలోకి పోనక్కర్లేదు, మట్టి గట్లు చూడమంది.

అలాగే చూశాను. నాచు మధ్య, చిన్న చిన్న విసనకర్రలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు, నీలం కలిసిన బూడిద రంగులో ఉన్నాయి. పొగమంచు తడికి మెత్తగా ఉన్నాయి. ఎండితే రంగు పోయి పాలిపోతాయి. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే కానీ, కోరాలోని శిలీంధ్రం పుట్టగొడుగుల వంశానికి చెందింది. అలాంటి లైకెన్లు చాలా తక్కువ. దానికి తిండి తయారుచేసి పెట్టేది లోపలున్న సయనోబాక్టీరియా, అంటే ఎండతో తిండి చేసుకునే బాక్టీరియా.

నన్ను ఇంత దూరం లాక్కొచ్చిన సంగతి వేరే ఉంది. మధ్య, దక్షిణ అమెరికా అంతటా పెరిగే ఈ లైకెన్‌ని చాలా కాలం ఒకే జాతి అనుకున్నారు. లైకెన్ శాస్త్రవేత్తలు రాబర్ట్ ల్యూకింగ్, మాన్యుయెలా దాల్ ఫోర్నో, వాళ్ల సహచరులు డీఎన్‌ఏ చూస్తే 126 జాతులు తేలాయి. 2014లో ఆ ఫలితం ప్రచురించారు. నమూనాలు అందని ప్రాంతాలను కూడా లెక్కలోకి తీసుకుంటే 400కి పైనే ఉండొచ్చని అంచనా వేశారు. తర్వాత ఒక్క వ్యాసంలోనే 70 కొత్త జాతులకు పేర్లు పెట్టారు. ఎండబెట్టి కవర్లలో దాచిన నమూనాల్లో రంగు, అంచు, నూగు లాంటి తేడాలు చెదిరిపోతాయి. గట్టు మీద పచ్చిగా ఉన్నప్పుడు చూస్తేనే అవి తెలుస్తాయి. ఆ పెద్దావిడ చూసింది సరిగ్గా అలాగే. ఆవిడ చెప్పిన రెండూ వేర్వేరు జాతులో కాదో నేను చెప్పలేను. చూపు మాత్రం సరైన చోటే ఉంది.

లాడ్జిలో నాకు చిరాకేసింది. క్వెట్జల్‌ని చూపించడానికి గైడు అడిగిన డబ్బుతో నాకు ఒక రోజు బస, తిండి గడిచిపోతాయి. పక్షి మీద నాకు కోపం లేదు. దాని పేరున నేషనల్ పార్కు ఉంది, అందువల్ల అడవి మిగిలింది, మంచిదే. కానీ గోడ నిండా పక్షి బొమ్మలే. అడుగు దూరంలో ఉన్న గట్టు గురించి ఒక్క ముక్క లేదు. రోడ్డు పక్క సోడాలో (చిన్న హోటల్‌ని ఇక్కడ అలా అంటారు) తాగిన అగ్వా దుల్సె, అంటే బెల్లం వేసిన వేడి నీళ్లు, చవగ్గా దొరికి ప్రాణం లేచొచ్చింది.

ఒకటే జాతి అనుకున్నంత కాలం ఒక గట్టు కూలినా పర్వాలేదు, మరో దేశంలో ఇంకా బోలెడు ఉందిలే అనుకోవచ్చు. ఇప్పుడు అలా అనుకోలేం. వీటిలో చాలా జాతులు కొద్దిపాటి ప్రాంతానికే పరిమితం. గలాపగోస్ దీవుల్లో ఉన్నవి అక్కడ తప్ప ఇంకెక్కడా లేనివే. రోడ్డు వెడల్పు కోసం గట్టు చెక్కేటప్పుడు ఎవరైనా ముందు ఒకసారి చూసి, ఫొటో తీసి, కాస్త నమూనా దాచాలి. అందుకు పెద్ద ఖర్చేమీ కాదు. అనంతగిరి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ మానుల మీద బూడిద మచ్చలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. వాటిలో ఎన్ని రకాలున్నాయని ఎప్పుడూ అడగలేదు. వచ్చే చలికాలం అరకు వెళ్తే భూతద్దం పట్టుకెళ్తాను.