అయిదు చక్కెరలూ ఒకేసారి తీసేస్తే ఏమైందంటే

నిన్న రాత్రి నా ప్రోటీన్ క్రిస్టల్ ఎక్స్-రే డిఫ్రాక్షన్ డేటా వచ్చింది, 2.4 ఆంగ్‌స్ట్రామ్ స్పష్టతతో. ప్రోటీన్ ఆకారం తెలిసేది దీంతోనే. ప్రోటీన్ మీది చక్కెరలు తీసి క్రిస్టల్ కట్టే పని మొదలుపెట్టబోయే మరొకరికి నాలుగు నెలలు మిగులుతాయని వెంటనే రాస్తున్నాను.

నా ప్రోటీన్ మనిషి కణంపై ఉండే ఒక రిసెప్టర్ బయటి భాగం. లెక్క ప్రకారం 38 కిలోడాల్టన్లు. ప్రోటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ మీద మాత్రం 50 దగ్గర మసకమసకగా పరుచుకునేది. అదంతా చక్కెరల బరువే. ఒక్కో అణువు మీద ఒక్కో తీరుగా చక్కెరలుంటే క్రిస్టల్ కట్టడం కష్టం. చక్కెర అంటుకునే సైట్లు వెతకడం తేలిక, వరుసగా మూడు అమైనో ఆమ్లాలు: ఆస్పరాజిన్, పక్కన ఏదో ఒకటి, ఆపైన సెరీన్ గానీ థ్రియోనీన్ గానీ. ఆరు దొరికాయి. ఒకదాని మధ్యలో ప్రోలీన్ ఉంది కాబట్టి అది లెక్కలోకి రాదు.

మిగతా అయిదింటిలో ఆస్పరాజిన్‌ను ఒకేసారి, చక్కెర అంటని గ్లుటమిన్‌గా మార్చెయ్యమన్నారు మా సార్. ఒక్కొక్కటీ చేస్తూ కూర్చుంటే టైమ్ వేస్టట. జీన్ తెప్పించి ల్యాబ్‌లో పెంచే హెచ్‌ఈకే 293 అనే మనిషి కణాల్లో పెట్టాను (దీన్నే ట్రాన్స్‌ఫెక్షన్ అంటారు). కణాలు పెరిగే ద్రవం, మీడియంలోకి ప్రోటీన్ రావాలి. అందులో లేదు. డీఎన్‌ఏ మళ్లీ తీశాను, లేదు. మూడుసార్లు సీక్వెన్సింగ్ చేయించాను, సరిగ్గానే ఉంది. నాలుగో నెల ల్యాబ్ మీటింగ్‌లో, కొత్తగా చేరిన పిల్లల ముందు, "అసలు నీకు ట్రాన్స్‌ఫెక్షన్ చేయడం వచ్చా?" అన్నారు. ఆరేళ్లుగా ఆ ల్యాబ్‌లో అందరికీ అది నేర్పింది నేనే. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు ఒక జూనియర్ అడిగింది, "అక్కా, పెల్లెట్‌లో చూశారా?" చూడలేదు. మీడియం తీశాక అడుగున మిగిలే కణాల ముద్దే పెల్లెట్, దాన్ని ప్రతిసారీ పారేశాను. వెస్టర్న్ (యాంటీబాడీతో ప్రోటీన్‌ను గుర్తించే పరీక్ష) చేస్తే ప్రోటీనంతా కణాల్లోనే ఉంది. కణంలో కొత్త ప్రోటీన్లు ముడుచుకునే చోటైన ఈఆర్‌లో కాల్‌నెక్సిన్, కాల్‌రెటిక్యులిన్ అనే సహాయక ప్రోటీన్లు ఆ చక్కెరను పట్టుకునే, కొత్త ప్రోటీన్ సరిగ్గా ముడుచుకునేలా చూస్తాయి. పట్టు లేకుండా చేసింది మేమే. పాఠంలో చదువుకున్నదే, ఒక్కరికీ తట్టలేదు. పెల్లెట్ మాత్రం దయచేసి పారేయకండి.

తర్వాత ఎవర్నీ అడగలేదు. అయిదు మ్యుటెంట్లూ విడివిడిగా చేశాను. మూడో సైట్ తీస్తేనే ప్రోటీన్ ఆగిపోతోంది. మిగతా నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి కలుపుతూ, ప్రతి మెట్టులో మీడియం చూసుకుంటూ వెళ్లాను. విడిగా తట్టుకున్నవి కలిపితే తట్టుకోకపోవచ్చు. దిగుబడి మూడో వంతుకు పడింది, అయినా చాలు.

మూడో సైట్ చక్కెరను ఉంచక తప్పదు కాబట్టి, చక్కెరను పెద్దది చేసే జీఎన్‌టీ1 ఎంజైమ్ లేని 293ఎస్ కణాలు వాడాను. ఖొరానా ల్యాబ్ 2002లో ప్రచురించిన కణాలివి. వీటిలో చక్కెర అయిదు మానోజ్‌ల దగ్గరే ఆగుతుంది, ఎండో హెచ్ అనే ఎంజైమ్ దాన్ని కోసేసి ఒక్క ఎన్-అసిటైల్‌గ్లూకోజమిన్ ముక్క వదులుతుంది. పీఎన్‌జీఏజ్ ఎఫ్ అనే మరో ఎంజైమ్ కూడా వాడి చూశాను. అది మొత్తం తీసేసి ఆస్పరాజిన్‌ను ఆస్పార్టేట్‌గా మారుస్తుంది. నా ప్రోటీన్ తెల్లగా విరిగిపోయింది.

ఎండో హెచ్ తర్వాత బ్యాండ్ గీత గీసినట్టు సన్నగా వచ్చింది. పదకొండో రోజుకి క్రిస్టల్స్ కనిపించాయి. ఈ ఉదయం ఆ డేటాతో వచ్చిన ఎలక్ట్రాన్ మ్యాప్ తెరిచాను. మూడో సైట్‌లో ఆ మిగిలిన చక్కెర ముక్క, పక్కనున్న ట్రిప్టోఫాన్‌కు ఆనుకుని, స్పష్టంగా కనిపిస్తోంది. ముందుగా ఆ జూనియర్‌ని పిలిచి చూపించాను.