పెరటి గుమ్మం పాట రాసిన కుర్చీల వడ్రంగి

డి. ఎల్. మెనార్డ్ పేరు చెప్పగానే అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఉండే ఫ్రెంచి సంతతివారి కేజన్ సంగీతం వినేవారికి ఒకే ఒక్క పాట గుర్తుకు వస్తుంది. 2017 జూలై 27న, 85 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూసినప్పుడు, లూసియానాలోని లాఫయెట్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి వరండాలోనూ ఆ పాటే మోగింది. ఆ పాట అంటే నాకు ప్రాణం. అయినా, దాన్ని రాసిన మనిషి బతుకులో చాలా భాగం వడ్రంగి పనిలోనూ, ఏడుగురు పిల్లలున్న ఇంటిని నడపడంలోనూ గడిచిందన్న సంగతి ఆ పాట చాటున మరుగున పడిపోతోందని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఆయన 1932 ఏప్రిల్ 14న వెర్మిలియన్ పారిష్‌లోని ఈరత్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఇతర రాష్ట్రాల్లో కౌంటీ అనేదాన్ని లూసియానాలో పారిష్ అంటారు. 1755 నుంచి బ్రిటిష్‌వారు ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతం నుంచి వెళ్లగొట్టిన ఫ్రెంచి రైతు కుటుంబాల్లో కొన్ని చివరికి ఈ చిత్తడి నేలలకు చేరాయి, వారి సంతతినే కేజన్లు అంటున్నాం. మెనార్డ్ ఇంట్లో మాట్లాడిన మొదటి భాష ఫ్రెంచి. అయితే 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగం బడిలో చదువు ఇంగ్లీషులోనే సాగాలని నిర్దేశించింది కాబట్టి, ఆయన తరం పిల్లలు ఇంటి భాషను బడి గేటు దగ్గరే వదిలి లోపలికి వెళ్లవలసి వచ్చింది. అటువంటి తరంలో పుట్టి, పదహారేళ్ల వయసులో కేటలాగు చూసి తెప్పించుకున్న చవక గిటారుతో మొదలుపెట్టి, అదే ఫ్రెంచిలో పాట కట్టి ముప్పైకి పైగా దేశాలు తిరిగివచ్చారాయన.

1951లో న్యూ ఐబీరియాలోని టెష్ క్లబ్బులో ప్రఖ్యాత అమెరికన్ కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్‌ను కలుసుకోవడం పంతొమ్మిదేళ్ల మెనార్డ్‌కు జీవితాంతం చెప్పుకునే ముచ్చటగా మిగిలింది. ముక్కుతో కలిసి పలికే ఆ గొంతునూ, చెప్పదలచుకున్నది తేలిక మాటల్లో సూటిగా చెప్పే ఆ పద్ధతినీ ఆయన ఎంతగా వంటబట్టించుకున్నారంటే, జనం ఆయనకు ‘కేజన్ హ్యాంక్ విలియమ్స్’ అని పేరు పెట్టారు. ఆ పోలిక సరైనదే కానీ, అది సగం మాత్రమే చెబుతుందని నా అభిప్రాయం. మిగతా సగం ‘లా పోర్త్ దాన్ ఆర్యేర్’ (పెరటి గుమ్మం) అన్న ఆ పాటలో వినిపిస్తుంది.

పెట్రోలు బంకులో పని చేస్తున్న రోజుల్లో, వచ్చే బండ్లకు పెట్రోలు పోస్తూ, మధ్యమధ్య దొరికిన ఖాళీలో ఆయన ఆ పాట రాసుకున్నారు. లూసియానా ఏసెస్ బృందంతో కలిసి పాడగా 1962లో స్వాలో సంస్థ దాన్ని రికార్డుగా విడుదల చేసింది. పాటలో నాలుగు చరణాలు, ప్రతి చరణం చివరా పెరటి గుమ్మం. ప్రియురాలితో రాత్రంతా తిరిగిన కుర్రవాడు తెల్లవారుతుండగా ఆ గుమ్మంలోంచి ఇంట్లోకి జారుకుంటాడు. మరో చరణంలో ఇల్లు కొత్త మనుషులతో నిండి ఉంటుంది, తప్పతాగి నడవలేని వాణ్ణి ఎవరో ఇంటికి తెచ్చి దింపుతారు, మళ్లీ అదే గుమ్మమే దిక్కు. మూడో చరణంలో ముసలి తండ్రి ఒక సాయంత్రం కొడుకుకు బుద్ధి చెప్పబోతాడు, మొండివాడు వినడు. నాలుగో చరణానికి డబ్బు అయిపోయి, స్నేహితులు మొహం చాటేసి, పోలీసులు పట్టుకుపోయాక, జైలుకు కూడా పెరటి గుమ్మంలోంచే ప్రవేశం. నాట్యానికి అంతగా కుదిరే హుషారైన వరసలో ఒక మనిషి పతనాన్ని ఒక్క తిట్టూ, ఒక్క శోకమూ లేకుండా ఇంత క్లుప్తంగా చెప్పిన పాటను నేను మరొకటి వినలేదు.

పాట ఊరూరా మోగుతున్నా, ఇల్లు గడవడానికి ఆయన చేతిపనినే నమ్ముకున్నారు. ఈరత్‌లో సొంత కుర్చీల కార్ఖానా పెట్టుకుని, యాష్ అనే చెట్టు కర్రతో, వీపు ఆనే చోట నిచ్చెనలా అడ్డపట్టీలుండే కుర్చీలూ, ఊగే కుర్చీలూ చేశారు. ఈ రకం కుర్చీలో కాళ్లను లేత్ మిషన్ మీద గుండ్రంగా తిప్పి, బెజ్జాలు వేసి, అందులో బాగా ఆరిన అడ్డకర్రలను బిగిస్తారు. కాలి కర్రలో ఇంకా కాస్త తడి ఉంటే, అది ఆరి ముడుచుకునే కొద్దీ అడ్డకర్ర కొసను మరింత గట్టిగా పట్టుకుంటుంది. భార్య లూయెల్లా కూడా ఆ పనిలో ఆయనకు తోడుండేవారు. ఆమె ఆయన కంటే చాలా ఏళ్ల ముందే వెళ్లిపోయారు. 1994లో ఆ కార్ఖానా మంటల్లో కాలిపోయింది. సంప్రదాయ కళలకు అమెరికాలో అత్యున్నత గౌరవమైన నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఆయనకు దక్కిన ఏడాదీ అదే. బిరుదు వచ్చింది కదా అని ఊరుకోకుండా, అరవై దాటిన వయసులో కార్ఖానాను మళ్లీ కట్టుకుని ఆయన కర్ర చేతబట్టారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

పాట మాటలు నాకు విడమరిచి చెప్పింది మా ఇంటి యజమాని. ఎనభై దాటిన ఆయన, చిన్నప్పుడు బడిలో ఫ్రెంచి మాట్లాడినందుకు శిక్షలు తిన్నవారు, తన పిల్లలకు ఆ భాష నేర్పనివారు. మెనార్డ్ పోయిన ఆ సాయంత్రం వరండాలో రికార్డు పెట్టి, ఒక్కో చరణం అయ్యాక సూది ఎత్తి, దాని అర్థం ఇంగ్లీషులో చెప్పారు. మొదటి రెండింటికీ పగలబడి నవ్వారు. తండ్రి చరణం దగ్గర అర్థం చెప్పకుండా పాటను సాగనిచ్చి, అంతా అయిపోయాక వెనక్కి వచ్చి ఆ ఒక్క చరణమే మళ్లీ వినిపించి, అప్పుడు చెప్పారు. తరువాత, మీ భాషలో ఆ గుమ్మాన్ని ఏమంటారని అడిగారు. ‘పెరటి గుమ్మం’ అన్నాను. ‘ర’ను గొంతులోంచి ఫ్రెంచి తీరున పలుకుతూ రెండు సార్లు ప్రయత్నించి, మూడోసారి పాట చివరి వరసలో ఆ మాటను పెట్టి పాడారు. మాట సరిగ్గా తాళంలో పడింది.