వాట్సాప్ పుకారు మీద కేసు: గుంటూరులో నా అనుభవం

చలికాలంలో దుప్పట్లు అమ్ముకోవడానికి గుంటూరు వచ్చే ఉత్తరాదివాళ్ళు పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారంటూ మా కాలనీ గ్రూపులో ఒక ఆడియో, దాని కింద ఇద్దరి ఫొటో పడ్డాయి. సాయంత్రానికి ఆ ఇద్దర్నీ జనం చుట్టుముట్టారు. 112కి ఫోన్ చేస్తే పోలీసులొచ్చి విడిపించారు. మర్నాడు నేను ఫిర్యాదు ఇచ్చాను.

అప్పటికే సాక్ష్యం సగం చేజారింది. గ్రూపు అడ్మిన్ మంచికే అనుకుని మెసేజ్‌ని అందరికీ డిలీట్ చేశాడు. నా దగ్గర మిగిలింది ఒక స్క్రీన్‌షాట్. అందులో పంపినవాడి నంబరు లేదు, నేను సేవ్ చేసుకున్న 'ఏసీ మెకానిక్' అన్న పేరే ఉంది. కోర్టులో అది ఎవరినీ పట్టివ్వదు. అదే ఆడియో ఇంకో గ్రూపులో ఉన్న పక్కింటావిడ ఫోన్ మమ్మల్ని కాపాడింది. రెండో ఫోన్‌తో వీడియో తీశాం: గ్రూపు పేరు, పేరు మీద నొక్కితే వచ్చే నంబరు, తేదీ, టైము, 'చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది' అన్న గుర్తు, ఆడియో మొదటినుంచి చివరిదాకా. ఫైలుని మళ్ళీ వాట్సాప్‌లో పంపకుండా కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం.

నా మొదటి అర్జీలో 'తప్పుడు ప్రచారం చేస్తున్నారు, చర్య తీసుకోండి' అని ఉంది. దానికి సెక్షన్ కుదరదు. ఆడియోని మాట మాటగా రాసుకుంటే అసలు వాక్యం దొరికింది: 'హిందీ మాట్లాడేవాడు కనిపిస్తే వదలొద్దు.' పిల్లలు జాగ్రత్త అనడం వేరు, ఇది వేరు. భాష, పుట్టిన చోటు ఆధారంగా ఒక వర్గం మీద మరో వర్గానికి ద్వేషం రేపే పుకారుకి భారతీయ న్యాయ సంహిత 353(2) వర్తిస్తుంది. మూడేళ్ళదాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కాగ్నిజబుల్, అంటే వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చెయ్యగల నేరం. నాన్ బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా రాదు, కోర్టు నిర్ణయించాలి. 2024 జూలై 1కి ముందు ఇదే పాత శిక్షాస్మృతి ఐపీసీలో 505(2). రెండు వర్గాల ప్రస్తావన లేకపోతే ఈ సెక్షన్ నిలబడదని 1997లోనే బిలాల్ అహ్మద్ కాలూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ వాక్యాన్ని అర్జీలో పైన పెట్టి, ఆడియోలో చెప్పినట్టు పిల్లలెవరూ మాయం కాలేదని తేల్చమని కూడా అడిగాను. అబద్ధమని తేలకపోతే కేసు కాళ్ళు విరిగినట్టే.

ఎఫ్ఐఆర్ అదే రోజు కాలేదు. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చెయ్యొచ్చని బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పోలీసులూ కోర్టులూ పాటించాల్సిన పద్ధతుల చట్టం) 173(3) అంటుంది. మాటలకి సంబంధించిన కేసుల్లో ఈ జాగ్రత్త అవసరమేనని నా అభిప్రాయం. అర్జీకి రసీదు మాత్రం అప్పుడే తీసుకోవాలి. స్టేషన్‌లో కేసు కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళొచ్చు. నాకా అవసరం రాలేదు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇచ్చారు.

ఎక్కువ తిరిగింది ఆ వీడియో, ఆడియో ఫైళ్ళని కోర్టు సాక్ష్యంగా తీసుకోవడానికి కావాల్సిన సర్టిఫికెట్ కోసం. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63(4) కింద రెండు భాగాలుండాలి: ఏ భాగం ఫోన్ వాడేవాళ్ళది, బీ భాగం నిపుణుడిది. రెండింట్లోనూ ఫైలు హ్యాష్ రాయాలి, అంటే ఫైలు మారితే తానూ మారిపోయే, వేలిముద్రలాంటి కోడ్. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో అయితే అది 64 అక్షరాలు, అంకెలు. చేత్తో ఎక్కించేటప్పుడు సున్నా స్థానంలో 'ఓ' పడి ఒకసారి వెనక్కొచ్చింది. కాపీ చేసి అతికించాల్సింది.

మెసేజ్‌లు పంపినవాళ్ళకీ అందుకున్నవాళ్ళకీ తప్ప ఎవరికీ కనపడకుండా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి మొదట పంపినవాడు ఒక్క నొక్కుతో దొరకడు. ఎవరు ఎవరికి పంపారో పోలీసులు ఫోన్ తర్వాత ఫోన్ అడుగుతూ వెనక్కి వెళ్ళారు. నిజమని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండి, సదుద్దేశంతో పంపినవాళ్ళకి సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. భయపడి అక్కచెల్లెళ్ళకి పంపిన తల్లుల్ని ముద్దాయిల్ని చెయ్యమని నేను అడగలేదు. ఫొటోకి ఆ ఆడియో జోడించినవాడు కావాలి. దొరికాక అతనికి అరెస్టు చెయ్యకుండా, విచారణకి హాజరు కమ్మని బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు ఇచ్చారు. 'అరెస్టు చెయ్యలేదేం' అని కాలనీలో అందరూ అడిగారు. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో కారణం రాయకుండా అరెస్టు చెయ్యకూడదని 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేష్ కుమార్ తీర్పు.

ఛార్జిషీటుకి ముందు ఇంకో మెట్టుంది. 353(2) కేసుని కోర్టు స్వీకరించాలంటే ప్రభుత్వం లేదా జిల్లా మేజిస్ట్రేటు అనుమతి జతపరచాలి. గడువు నేరం జరిగిన రోజు నుంచి మూడేళ్ళు. మా ఫైలు కలెక్టరేట్‌లో ఉంది. నెలకోసారి వెళ్ళి అది ఏ సీటు దగ్గరుందో కనుక్కుంటున్నాను.