దాటేవాళ్ల లెక్క ఎవరు తీస్తారు?

మేం ఉండేది విజయవాడ పటమటలో. అమ్మ డాక్టరు దగ్గరికెళ్లాలన్నా, పిన్ని వాళ్లింటికెళ్లాలన్నా హైవే దాటి మొగల్రాజపురం వైపు పోవాల్సిందే. బెంజి సర్కిల్ దగ్గర 2020లో ఒక ఫ్లైఓవర్, 2022లో దాని పక్కనే రెండోది తెరిచారు. చెన్నై నుంచి కోల్‌కతా పోయే లారీకి సిగ్నల్ బాధ తప్పింది, మంచిదే. కింద మాత్రం రాంగ్ రూటులో వచ్చే బైకులు, పిల్లర్ చాటు నుంచి యూటర్న్ కొట్టే కార్లు. అమ్మకి ఇప్పటికీ టెన్షనే.

రోడ్డు వేసేముందు పోయే బండ్ల లెక్క తీస్తారు. అడ్డంగా దాటే మనుషుల లెక్కకూ అంతే విలువ ఇవ్వాలని నా గట్టి నమ్మకం.

చట్టమూ ఇక్కడ పెద్దగా ఆదుకోదు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా అని ఉంది. భూమి తీసుకునేముందు అక్కడివాళ్ల బతుకులు ఏమవుతాయో చూసి, వాళ్ల మాట వినాలి. జాతీయ రహదారుల చట్టం కింద తీసుకునే భూమికి ఆ అంచనా అక్కర్లేదు. 2013 చట్టంలోని పరిహారం లెక్కలు మాత్రం 2015 నుంచి దానికీ వర్తిస్తున్నాయి. ఉన్న హైవేని వెడల్పు చేయడానికి పర్యావరణ అనుమతి కావాలంటే, మామూలుగా అది 100 కిలోమీటర్లు దాటాలి. మన ఊళ్లో కట్టే నాలుగైదు కిలోమీటర్లు ఆ లెక్కలోకే రావు.

మోత సంగతి చూడండి. ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి నిబంధనలు. ఫ్లైఓవర్ వచ్చాక లారీ పోయేది రెండో అంతస్తు కిటికీ ఎత్తులో. కింద చెట్లు నాటితే ఆ మోత ఆగదు, పైన రోడ్డు అంచునే అడ్డుగోడలు కావాలి. వాటికి తగిలే గాలి బరువును వంతెన డిజైన్‌లోనే లెక్కగట్టాలి. కట్టేశాక బిగిద్దామంటే కష్టం.

ఊరి బయట బైపాస్ వేస్తే సరిపోతుందా? చిన్న అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కృష్ణ దాటే పశ్చిమ బైపాస్ నగరానికి నిజంగా మేలే. అక్కడా పొలాలకు పోయే డొంకలు ఎన్ని తెగాయి, గడ్డి ట్రాక్టరు అండర్‌పాస్‌లో పడుతుందా, వానాకాలం అందులో నీళ్లు నిలుస్తాయా అని రైతులను ముందే అడగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నగరాన్ని ఎలా ముంచిందో చూశాక, ఎత్తు కట్ట పోసి తూములు చిన్నవి పెడితే ఒప్పుకునేదెవరు?

మహానాడు జంక్షన్ నుంచి నిడమానూరు దాకా ఇంకో ఫ్లైఓవర్ అంటున్నారు. డిజైన్ ఖాయం చేసేముందు రామవరప్పాడు, ప్రసాదంపాడు, ఎనికేపాడుల్లో బడి వదిలే వేళ నిలబడి, దాటేవాళ్లను లెక్కపెట్టండి. ఆ లెక్క పంచాయతీ ఆఫీసుల గోడ మీద తెలుగులో అంటించి, అభ్యంతరాలు చెప్పడానికి మాకు నెల రోజులు గడువివ్వండి.