పెరట్లో సీడర్ చెట్టు కొట్టించే ముందు

టెక్సస్‌లో ఆస్టిన్ పక్కన సీడర్ పార్క్, లియాండర్ వైపు ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది ముందుగా పెరట్లో సీడర్ చెట్లు కొట్టించేద్దాం అంటారు. డిసెంబర్ వచ్చిందంటే ఈ చెట్ల పుప్పొడికి తుమ్ములు, కళ్ల దురద, ముక్కు దిబ్బడ, రాత్రిళ్లు పిల్లలకు నిద్ర ఉండదు, కాబట్టి ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ముందు చెట్టు దగ్గరికెళ్లి ఒకసారి చూడండి.

అందరూ సీడర్ అనే ఇది ఆష్ జూనిపర్, మధ్య టెక్సస్ కొండల సొంత చెట్టు. ఆకులు సన్నటి పొలుసుల్లా రెమ్మకు అతుక్కుని ఉంటాయి, మాను చాలాసార్లు మొదట్లోనే రెండు మూడుగా చీలుతుంది. దీని దగ్గరి చుట్టం ఈస్టర్న్ రెడ్ సీడర్ మామూలుగా ఒకే మానుతో నిటారుగా పెరుగుతుంది.

అసలు చూడాల్సింది ఆడా మగా అన్నది. చలికాలంలో మగ చెట్టు కొనలన్నీ తుప్పు రంగుకు తిరుగుతాయి, కొమ్మ పట్టుకుని ఊపితే పొగలా పుప్పొడి లేస్తుంది. ఆడ చెట్టుకు బఠాణీ గింజంత నీలం కాయలుంటాయి, వాటి మీద బూడిదలాంటి పూత వేలితో రుద్దితే పోయి ముదురు నీలం బయటపడుతుంది. ఆడ చెట్టు పుప్పొడే వదలదు, మరి అలర్జీ పేరు చెప్పి దాన్ని కొట్టించడం ఎందుకు? మగ చెట్టు కొట్టించినా పెద్ద తేడా ఉండదు, ఆ పుప్పొడి గాలికి మైళ్ల దూరం నుంచి వస్తుంది.

దీని చేవ ఎర్రగా, మంచి వాసనతో ఉంటుంది, త్వరగా పుచ్చదు, అందుకే ఇక్కడి పశువుల పొలాల కంచెలకు గుంజలు దీనితో చేస్తారు. చెక్క నుంచి సీడర్ నూనె తీస్తారు. చలికాలంలో కాయలు పిట్టలకు తిండి.

నాకు అన్నిటికంటే ముఖ్యం గోల్డెన్ చీక్డ్ వార్‌బ్లర్ అనే పిట్ట. మధ్య టెక్సస్‌లో తప్ప ఇంకెక్కడా గూడు పెట్టదు, 1990లో అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు. ముసలి జూనిపర్ల బెరడు పొడవాటి పీలికలుగా ఊడుతుంది చూశారా, ఆ పీలికల్ని సాలెగూడు దారాలతో కలిపి ఈ పిట్ట గూడు అల్లుకుంటుంది. లేత చెట్ల బెరడు అలా ఊడదు.

అందుకని చోటు కావాలంటే లేత చెట్లు తీయించండి, పీలికలు ఊడే ముసలి వాటిని ఉంచండి. కొట్టిన మాను లావుగా ఉంటే మాత్రం చిప్పర్‌లో (చెక్కను ముక్కలు ముక్కలు చేసే యంత్రంలో) వేయనివ్వకండి, గుంజలకు అడిగి మరీ పట్టుకెళ్లేవాళ్లుంటారు.