ఒక్క ‘ఆన్’ దగ్గర పోయిన రెండున్నర మార్కులు

మాది నల్లగొండ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు చదివే రోజుల్లో నన్ను బాగా సతాయించినవి ఇంగ్లిషులో క్రియకు ఇన్, ఆన్, బై లాంటి చిన్న మాట చేరి వచ్చే ఫ్రేజల్ వెర్బ్‌లు, అందులోనూ ఒకరింటికి కాసేపు వెళ్ళిరావడానికి వాడేవి. డ్రాప్ ఇన్, డ్రాప్ బై, స్టాప్ బై, పాప్ ఇన్, కాల్ ఆన్... పట్టికలో అన్నింటికీ ‘కాసేపు వెళ్ళి కలవడం’ అని ఒకే అర్థం రాసుకున్నాను. ఒక మాక్ టెస్టులో మనిషి పేరుకు ముందు ‘కాల్ ఎట్’ పెట్టాను. రావలసిన 2 మార్కులు పోయాయి, పైగా 0.50 కోత.

ఆ వారమే లైబ్రరీ నుంచి వస్తూ రామగిరిలో చిన్నమ్మ వాళ్ళ తలుపు తట్టాను. “కూర్చో, చాయ్ పెడతాను” అంది. ఒక చెప్పు విప్పి, రెండో కాలు గడప బయటే ఉంచి, “వద్దు చిన్నమ్మా, ఇటు పోతూ ఒకసారి చూసి పోదామని వచ్చాను” అన్నాను. అన్నాక తట్టింది, డ్రాప్ బై అంటే ఇదే కదా! దాని తర్వాత మరో ప్రిపోజిషన్ అక్కర్లేదు, చోటు పేరు నేరుగా వస్తుంది. డ్రాప్ ఇన్‌కు మాత్రం కావాలి: మనిషైతే ‘ఆన్’, చోటైతే ‘ఎట్’. కాల్‌కూ అదే లెక్క. నల్లగొండ దాటి మిర్యాలగూడలో ఆగే రైలు కూడా ఇంగ్లిషులో ‘కాల్స్ ఎట్ మిర్యాలగూడ’.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది లుక్ ఇన్ ఆన్. కంటి ఆపరేషన్ అయిన నాయనమ్మ గదిలోకి రోజూ సాయంత్రం తొంగిచూసి, “చుక్కలు వేసుకున్నావా?” అని అడిగి వచ్చేవాణ్ణి. బాగోగులు కనుక్కోవడానికి వెళ్ళడమే ఆ మాటకు ప్రాణం. ఊరికే కబుర్లకు వెళ్తే అది సరిపోదు.

ఆ తర్వాత పట్టిక పక్కన పెట్టేశాను. ఒక్కో వెర్బ్‌కు మా ఇంటి మనిషి ఒకరిని పెట్టి వాక్యం రాసుకున్నాను. మీరూ అలాగే రాయండి, చిన్నమ్మ గడప మీద నేర్చుకున్నది నేను ఇంతవరకు మరచిపోలేదు. పాప్ ఇన్ బ్రిటిష్ వాళ్ళు ఎక్కువగా అనే మాట, స్వింగ్ బై అమెరికన్లది. అర్థం తెలిస్తే చాలు. కాల్ ఆన్ దగ్గర మాత్రం వాక్యం చివరిదాకా చదవండి. మనిషి తర్వాత ‘టు’, దాని వెంట క్రియ కనిపిస్తే అక్కడ ఎవరూ ఎవరింటికీ వెళ్ళడం లేదు. ఏదో చేయమని కోరుతున్నారు.